తిరిగే షాఫ్టు మెలికను కాంతి పట్టిన కథ

నూజివీడు మామిడి తోటల్లో పూత మీద తేనెమంచు పురుగు కనబడితే ట్రాక్టరుకు స్ప్రేయరు తగిలిస్తారు. ఇంజను బలాన్ని పంపుకు చేర్చేది నిమిషానికి 540 చుట్లు తిరిగే పీటీవో షాఫ్టు. అది మోసే భారమంతా దాని ఒంట్లోనే తెలుస్తుంది: తడిబట్ట పిండినట్టు ఉక్కు మెలిపడుతుంది. 35 మిల్లీమీటర్ల కడ్డీ ఆ వేగంలో 35 హార్స్‌పవర్ మోస్తే, మీటరు పొడవుకు రెండు డిగ్రీలు. గిరగిరా తిరిగే దాన్నుంచి ఆ కొలతను బయటికి తేవడమే అసలు చిక్కు.

తొలినాళ్లలో దీంతో తలపడినవాళ్లలో ఓడలవాళ్లున్నారు. పాత ఆవిరి ఇంజన్ల బలాన్ని సిలిండర్‌లో పీడనం చూసి లెక్కగట్టేవారు. 1897లో పార్సన్స్ తన టర్బైన్ ఓడ ‘టర్బీనియా’ను బ్రిటిష్ నౌకాదళం ఎదుట పరుగెత్తించాక టర్బైన్ల కాలం వచ్చింది. టర్బైన్‌కు సిలిండరే లేదు. ఇక షాఫ్టునే అడగాలి. హాప్కిన్సన్, థ్రింగ్ అనేవారు షాఫ్టుకు అద్దాలు బిగించి, వాటి మీద పడి తిరిగొచ్చే కాంతి ఎంత పక్కకు జరిగిందో చూశారు. తొలి జవాబుల్లోనే కాంతి ఉందన్నమాట!

1938లో అమెరికాలో సిమన్స్, రూజ్ ఎవరికి వారుగా స్ట్రెయిన్ గేజ్ కనిపెట్టారు. సాగితే అందులోని తీగ విద్యుత్ నిరోధం మారుతుంది. అయితే తిరిగే షాఫ్టు నుంచి ఆ కరెంటు బయటికి రావాలంటే స్లిప్ రింగులు, బ్రష్షులు కావాలి. అవి అరుగుతాయి, కొలతలో గోల కలుపుతాయి.

మరో దారి మళ్లీ కాంతి నుంచే వచ్చింది. 1978లో కెనడాలోని ఒటావాలో కెన్నెత్ హిల్ బృందం జెర్మేనియం కలిసిన గాజు పోగులోకి ఆర్గాన్ లేజర్ కాంతి పంపింది. చూస్తుండగానే వెనక్కి వచ్చే కాంతి పెరగసాగింది. వెళ్లే అల, తిరిగొచ్చే అల కలిసి గాజులో శాశ్వతంగా సన్నని గీతలు వేసేశాయి. గ్రేటింగ్ అనే ఆ గీతల వరుస ఒకే రంగును వెనక్కి పంపుతుంది. పోగు సాగితే ఆ రంగు మారుతుంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా అబ్బురం ఇదే. కాకపోతే రాసిన లేజర్ రంగుకే అది పనికొచ్చేది. 1989లో మెల్ట్జ్, మోరీ, గ్లెన్ పక్కనుంచి అతినీలలోహిత కాంతితో రాసి, కోరిన రంగుకు గ్రేటింగ్ చేసి చూపారు.

షాఫ్టు మీద ఈ పోగును 45 డిగ్రీల ఏటవాలుగా అతికించాలి, మెలికకు ఉపరితలం ఎక్కువగా సాగేది ఆ దిశలోనే. ఎండ వేడికీ రంగు మారుతుంది కనుక ఎదురు వాలుగా రెండోది కూడా అతికిస్తారు. వేడి రెంటినీ ఒకేలా మారుస్తుంది. మెలిక ఒకదాన్ని సాగదీసి మరోదాన్ని కుదిస్తుంది. ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే వేడి పోయి మెలిక మిగులుతుంది.

షాఫ్టు కొస ఖాళీగా ఉంటే, తిరిగే పోగుకూ కదలని పోగుకూ మధ్య చిన్న ఎడం వదిలి, కాంతిని ఆ ఎడం దాటిస్తారు. పీటీవో షాఫ్టుకు ఆ వీల్లేదు: ఒక కొస ట్రాక్టరుకు, రెండోది స్ప్రేయరుకు. కాంతి పక్కనుంచే దూకాలి, చుట్టుకొక్కసారి, అంటే సెకనుకు 9 సార్లు. 2008 నుంచి నూజివీడులోనే ఉన్న ట్రిపుల్‌ఐటీ పిల్లలు ఈ పని పట్టుకుంటే బాగుండును.