గడ్డిమందుకు విరుగుడు వెతికిన కథ

పారాక్వాట్ అనే గడ్డిమందు పొలం కోసం పుట్టింది కాదు. 1882లోనే దాన్ని తయారుచేశారు. 1933లో లియోనార్ మైఖేలిస్ అనే శాస్త్రవేత్త దానికి మిథైల్ వయొలొజన్ అని పేరు పెట్టి ప్రయోగశాలలో వాడకానికి తెచ్చాడు. రంగులేని ఆ ద్రావణానికి ఒక్క ఎలక్ట్రాన్ అందితే చిక్కటి నీలంగా మారుతుంది. పరీక్షనాళిక మూత తీసి ఊపితే, గాలి తగలగానే నీలం మాయం. ఎలక్ట్రాన్‌ను ఆక్సిజన్ లాగేసుకుంటుంది. అప్పటికది చూడముచ్చటైన వింత, అంతే.

ఇది కలుపును మాడ్చేస్తుందని బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీ వాళ్లు 1955లో కనిపెట్టారు. 1962లో బజారుకెక్కింది. మన రైతులు గడ్డిమందు అని పిలిచేవాటిలో ఇదొకటి. 1966కల్లా పొరపాటున తాగి చనిపోయినవారి వివరాలు వైద్య పత్రికల్లోకి వచ్చేశాయి. తాగినవాళ్లు మొదటిరోజు బాగానే మాట్లాడతారు. తర్వాత నోరు పూసి, మూత్రపిండాలు దెబ్బతిని, చివరికి ఊపిరితిత్తులు బిగుసుకుపోతాయి.

ఊపిరితిత్తులే ఎందుకు? సూపరాక్సైడ్ అనే హానికరమైన ఆక్సిజన్ రూపాన్ని అణిచే సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ ఎంజైమును 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రవేత్తలు గుర్తించాక దారి దొరికింది. 1974లో బస్ అనే పరిశోధకుడి బృందం ఆ పరీక్షనాళిక ఆటే కణంలోనూ జరుగుతోందని ప్రతిపాదించింది. పారాక్వాట్ ఎలక్ట్రాన్ తీసుకుంటుంది, ఆక్సిజన్‌కిస్తుంది, మళ్లీ తీసుకుంటుంది. గిలక మీద చేదలా ఎడతెగకుండా. ప్రతి చుట్టుకూ ఒక సూపరాక్సైడ్ పుడుతుంది, కణపు పొరల్లో కొవ్వు పాడవుతుంది. పైగా ఊపిరితిత్తి కణాలు దీన్ని తమకు కావలసిన పాలిఅమైన్ అనుకుని చేతులారా లోపలికి లాక్కుంటాయి. ఆక్సిజన్ అందేకొద్దీ ఈ గిలక తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఆయాసపడుతున్న రోగికి ఆక్సిజన్ పెట్టడానికి కూడా డాక్టరు వెనకాడాల్సి వస్తుంది. ఇంతటి క్రూరమైన చిక్కు వైద్యంలో అరుదు.

దెబ్బ ఆక్సీకరణదైతే విరుగుడు యాంటీఆక్సిడెంటే కావాలి కదా! 1922లో ఎలుకల సంతాన లోపం వెతుకుతూ ఎవాన్స్, బిషప్ కనుక్కున్న ఇ విటమిన్ కొవ్వు పొరలకు కాపలాదారని అప్పటికే తెలుసు. అది లోపించిన జంతువులు పారాక్వాట్‌కు త్వరగా లొంగిపోతాయని 1970లలో తేలింది. ఇంకేం, అందరి చూపూ మొక్కల్లోని యాంటీఆక్సిడెంట్ల మీద పడింది. పసుపులోని కర్కుమిన్ నిర్మాణం 1910లోనే తెలిసింది; అది ఎలుకల ఊపిరితిత్తులను పారాక్వాట్ నుంచి కొంత కాపాడిందని 2000లో ఒక పరిశోధన చెప్పింది. సిలిమారిన్ అనే మొక్క సారం, వెల్లుల్లి, గ్రీన్ టీ అన్నీ వరసకట్టాయి. ఈ పరిశోధనలు పారాక్వాట్‌తో ఆగకుండా పురుగుమందులు, కాలేయం, మూత్రపిండాల దాకా వెళ్లాయి.

ఇక్కడే నాకు పేచీ. ఇలాంటి ప్రయోగాలు చాలావాటిలో ఎలుకకు మందు ముందే పడుతుంది, లేదా విషంతోపాటే పడుతుంది. ఆస్పత్రికొచ్చే మనిషికి ఆ వరస తిరగబడుతుంది. కర్కుమిన్ నోటి ద్వారా తీసుకుంటే ఒంటబట్టేది బహు స్వల్పం. ఇక మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల సంగతి వేరు. అవి ముందు దెబ్బతీసేది కోలినెస్టరేజ్ ఎంజైమును. అక్కడ విరుగుడుగా వాడే అట్రోపిన్ పని పసుపు చెయ్యలేదు. పారాక్వాట్ రోగులకు సి విటమిన్, ఎన్-అసిటైల్ సిస్టీన్ లాంటి యాంటీఆక్సిడెంట్లు ఇచ్చి చూస్తూనే ఉన్నారు. ప్రాణం నిలుస్తుందనే గట్టి రుజువు మాత్రం రాలేదు.

రోగి తాగింది పారాక్వాటేనా అని తేల్చుకోవడానికి మూత్రంలో కాస్త సోడియం డైథయొనైట్ కలుపుతారు. విషం బాగా ఎక్కి ఉంటే, మైఖేలిస్ చూసిన ఆ నీలమే గొట్టంలో తేలుతుంది.