బొమ్మ రైలు కింద యోగా చాప

మా మర్రిగూడకు రైలు లేదు, ఎక్కాలంటే నల్గొండ పోవాలి. పోయిన ఎండాకాలం సెలవుల్లో మాత్రం మా ఇంట్లోకే ఓ రైలు వచ్చింది. మా తమ్ముడు అమెరికా నుంచి మా బాబుకు తెచ్చాడు. అసలు రైలులో 87వ వంతట. వాడు పట్టాలను ప్లైవుడ్ చెక్కకు మేకులతో బిగించి నడిపితే, అబ్బో, పిండిగిర్ని ఆడినట్టు మోత!

మా అత్తమ్మకు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయాయి. మా మండలంలో ఆ తరం వాళ్లు చాలామందిది ఇదే బాధ. రాత్రంతా మసలి మసలి, పగటిపూట ఓ గంట కన్ను మూస్తుంది. "ఏందే బిడ్డా ఆ చప్పుడు" అంటుంది. ఆపమంటే వీడి ఏడుపు. మధ్యల నేను.

అసలు రైలు కింద ఏం వేస్తారా అని చదివాను. 1830లో ఇంగ్లండులో లివర్‌పూల్–మాంచెస్టర్ దారికి చాలాచోట్ల రాతి దిమ్మెల మీదే పట్టాలు బిగించారు. గట్టిగా ఉంటే మంచిదనుకున్నారు, కానీ కుదుపులు. తర్వాత ఆ స్థానంలో చెక్క స్లీపర్లు, కింద కంకర వచ్చాయి. నాకు బాగా నచ్చింది బ్రూనెల్ అనే ఇంజనీరు కథ. 1838లో మొదలైన గ్రేట్ వెస్టర్న్ రైలుకు ఆయన పొడవాటి దుంగలు పరిచి, అవి కదలకుండా నేలలోకి గుంజలు దిగేసి కట్టాడు. చుట్టూ మట్టి అణిగింది, గుంజల దగ్గర అణగలేదు. ప్రయాణికులకు ఒళ్లు హూనం! చివరికి గుంజల పట్టు తీసేశాక గానీ బండి నెమ్మదించలేదు. అంత పెద్ద ఇంజనీరే అట్ల చేస్తే మావాడెంత?

మావాడి మేకులూ ఆ గుంజలే కదా అనిపించింది. చక్రాల చప్పుడు మేకులోంచి చెక్కలోకి దిగుతుంది, చెక్క డప్పులా మోగుతుంది. విదేశాల్లో పట్టాల కింద కార్క్ పట్టీలు అంటిస్తారట. మర్రిగూడలో కార్క్ ఎక్కడ దొరుకుతుంది? నా పాత యోగా చాప కోసి పరిచాం. మొదట దాని మీదా మేకులే కొట్టాడు, మోత తగ్గలేదు. అవన్నీ పీకి, ఎండినా రబ్బరులా సాగే జిగురుతో అంటించాం. అందం కోసం ఫెవికాల్‌తో ఇసుక అతికిస్తానంటే నేనే వద్దన్నా. అది ఎండితే రాయిలా బిగిసి, చప్పుడును మళ్లీ చెక్కకే చేరుస్తుంది.

మరునాడు పగలు రైలు తిరుగుతూనే ఉంది. అత్తమ్మ లేచి, "పోరడు ఇయాల బండి నడపలేదా?" అంది.