గగనమున కేగిన కుక్కలు – పిల్లల ప్రశ్న

పిల్లల కథలలో బాలుడు ఎచ్చటికి పోయినను పెంపుడు జంతువు వెంటనుండును. అడవికి పోయిన కుక్క, రాకెట్టు నెక్కినను రావలసినదే. ఇది వట్టి కల్పన యని పెద్దలు తలపవచ్చును. కాని దీనికి చరిత్రతో దగ్గరి సంబంధము కలదు.

1950ల తొలినాళ్ళలోనే బెల్జియం చిత్రకారుడు ఎర్జే తన కథానాయకుడు టింటిన్‌తోబాటు అతని కుక్కను చంద్రలోకమునకు పంపెను. 1961లో సత్యజిత్ రాయ్ వంగభాషలోని బాలల పత్రిక ‘సందేశ్’లో ప్రొఫెసర్ శొంకును, అతని పిల్లి న్యూటన్‌ను అంగారకునికి పంపెను.

ఈ రెండు కథలకు నడుమ నిజముగనే కుక్కలు గగనమున కేగినవి. 1957 నవంబరు 3వ తేదీన సోవియట్ శాస్త్రజ్ఞులు మాస్కో వీధులలో తిరుగుచుండిన లైకాను స్పుత్నిక్-2లో పంపిరి. దానిని మరల భూమికి దింపు ఏర్పాటు ఆ నౌకలో లేదు. కొన్ని గంటలలోనే వేడిమికి అది మరణించినదని 2002లో గాని లోకమునకు తెలియలేదు. 1960 ఆగస్టు 19న బయలుదేరిన బెల్కా, స్త్రెల్కాలు మాత్రము మరునాడు క్షేమముగా దిగినవి. స్త్రెల్కా పిల్లలలో నొకటియగు పుషింకాను 1961లో క్రుశ్చేవ్ కెనడీ కుటుంబమునకు కానుకగా పంపెను. లైకా మరణించిన నెలలోనే జన్మించిన బాలిక కరోలిన్ ఇంట ఆ కుక్కపిల్ల పెరిగినది. శత్రుభావముతో నున్న రెండు రాజ్యముల నడుమ తిరిగివచ్చిన కుక్క సంతానము స్నేహచిహ్నమైనది.

లైకా కథ విన్న పిల్లవాడు నౌక వేగము నడుగడు, “కుక్క ఇంటికి ఎప్పుడు వచ్చును?” అని యడుగును. విజ్ఞానము ఆలస్యముగా నేర్చుకొనిన పాఠ మిదియే.

తిరిగివచ్చుట యెంత విలువైనదో బస్తరు దక్షిణమున, సుకుమా జిల్లాలోని జగర్గుండా బాగుగా ఎరుగును. 2005లో చెలరేగిన కలహములతో అచ్చటి పాఠశాలలు 2006లో మూతపడెను. 13 ఏండ్ల పిమ్మట, 2019 జూన్‌లో మరల తెరువబడెను. ఆ సంవత్సరములలో దక్షిణ బస్తరునుండి అనేక కుటుంబములు ఇల్లువాకిళ్ళు విడిచి గోదావరి ప్రాంతపు అడవులకు వలసవచ్చినవి. మన రైతుల నడుమ కూలిపనులు చేసి బ్రదికినవి.

ఆ ప్రాంతపు కోయ, దోర్ల బాలలకు గగనకథ కొత్తది కాదు. గోండుల గాథలలో సప్తర్షి మండలపు నాలుగు చుక్కలు ముసలవ్వ మంచము. తక్కిన మూడును దానిని దొంగిలింపవచ్చిన దొంగలు. తెలుగు పల్లెలలో కృత్తికలే పిల్లలకోడి. ఇట్టి ఆకాశము క్రింద పెరిగిన పిల్లలకు రాకెట్టు కథ వారి మాటలోనే అందవలదా?

1971 అక్టోబరు 9న రోహిణి రాకెట్టు ఎగసిన శ్రీహరికోట మన తెలుగు తీరముననే కలదు. మన సభ్యులలో బాలసాహిత్యాభిమానులు కొందరైనను పూనుకొని, జగర్గుండా పిల్లవాడొకడు తన కుక్కతో అచ్చటినుండి చుక్కలలోనికి పోవు కథ వ్రాయుదురుగాక! అందు మంచమును, పిల్లలకోడిని చూపవలెను. నౌకలో కుక్కకు కూడ తిరుగుప్రయాణమునకు చోటుంచుట మాత్రము మరువరాదు.