నక్షత్రాలు లేని సమీక్షలు

1981 నవంబర్‌లో అమెరికాలో రస్సెల్ సైప్ మొదలుపెట్టిన 'కంప్యూటర్ గేమింగ్ వరల్డ్' పత్రిక ఏళ్ల తరబడి ఏ ఆటకూ మార్కులు వేయలేదు. మంచిచెడ్డలు రాసి చెప్పేది, అంతే. స్ట్రాటజీ, సిమ్యులేషన్ ఆటలకు అదే సరైన పద్ధతి. 'సివిలైజేషన్' సత్తా ఒక్క పూటలో తేలేది కాదు.

రోల్ ప్లేయింగ్ ఆటలంటే ఆ పత్రికలో స్కార్పియా మాటే మాట. అది కలం పేరు. నచ్చని ఆటను ఆమె మొహమాటం లేకుండా ఏకిపారేసేది. 'మైట్ అండ్ మ్యాజిక్ 2'ను తూర్పారబడితే, మూడో భాగంలో ఆ తయారీదారులు ఒక రాక్షసికి స్కార్పియా అని పేరు పెట్టారు! విమర్శ ఎంత గట్టిగా తగిలిందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

1994లో నక్షత్రాల రేటింగ్ వచ్చింది. 2006లో పత్రిక వాటిని వదిలేసింది. ఆ పేరుతో పత్రిక రావడం కూడా ఆ ఏడాదే ఆగిపోయింది.