ల్యాప్‌టాప్ హింజ్ మరమ్మతు

ల్యాప్‌టాప్ తెరను కింది భాగానికి కలిపి, తెరిచిన కోణంలోనే నిలబెట్టే లోహపు కీలును హింజ్ అంటారు. తెర కీబోర్డు మీదకి ముడుచుకునే నమూనా 1982 నాటి గ్రిడ్ కంపాస్ అనే ల్యాప్‌టాప్‌తోనే వచ్చింది. తెరను ఆపేది కీలులోని ఇరుసు చుట్టూ ఉండే రాపిడి.

తెర ఊగుతోందంటే కీలు అరిగిపోయిందనే అనుకుంటారు గానీ, చాలాసార్లు లోపం స్క్రూలదే. అడుగు మూత విప్పి, ముందుగా బ్యాటరీ కనెక్టరు తీసి, వదులైన స్క్రూలు బిగిస్తే సరిపోతుంది. మొండిగా ఉండేది రెండో రకం లోపం. ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్టు చుట్టూ పగుళ్లు వచ్చి, అది స్క్రూతోపాటే పైకి లేచి వస్తుంది. కీలు బిగుసుకుపోయిన యంత్రాల్లో, తెరను తెరిచే బలమంతా ప్రతిసారీ ఈ నట్లమీదే పడుతుంది. అప్పుడు పాత ముక్కలు శుభ్రంచేసి, నట్టును దాని చోటనే కూర్చి, రెండు ట్యూబుల ఎపాక్సీతో అతికించి, ఒక రోజు కదపకుండా ఆరనివ్వాలి. జిగురు మర లోపలికి పోకూడదు. సూపర్ గ్లూ ఇక్కడ నిలవదు, పెళుసుగా విరుగుతుంది.

కీలు పక్కనుంచే తెర కేబుల్ వెళ్తుంది. అది నలిగితే బొమ్మ మినుకుమంటుంది, కాబట్టి మూత పెట్టేముందు దాని దారి చూసుకోవాలి. ఇరుసే అరిగితే కీళ్ల జత మార్చడమే మేలు. తెరను ఎప్పుడూ మూల పట్టుకుని కాక, మధ్యలో పట్టుకుని తెరవండి.