గులాబీ పురుగు పుట్టుపూర్వోత్తరాలు

శంషాబాద్ విమానాశ్రయం దాటి షాద్‌నగర్ వైపో, షాబాద్ వైపో వెళ్తే వానాకాలంలో పత్తి చేలు కనిపిస్తాయి. గులాబీ రంగు పురుగు పేరు తెలియని పత్తి రైతు లేడు. దాని తల్లి అయిన రెక్కల పురుగును చూసినవాళ్లు మాత్రం తక్కువ. రెక్కలు చాచినా రెండు సెంటీమీటర్లు దాటని ప్రాణి అది. ముందు రెక్కలు మట్టిరంగు, వాటిమీద నల్లటి మచ్చలు, చారలు. వెనుక రెక్కలు బూడిదరంగు, అంచుల వెంట పొడవాటి నూగు. పగలు మట్టిపెళ్లల కింద, రాలిన ఆకుల్లో నక్కి, రాత్రి తిరుగుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల తిన్నగా పూతలోకో కాయలోకో దూరిపోతుంది, మందు దానికి తగలదు.

దీనికి శాస్త్రీయ నామం వచ్చింది మన దేశపు పత్తి వల్లే. గుజరాత్‌లోని భరూచ్‌లో ప్రభుత్వ తోటల్లో అమెరికా రకం పత్తిని ఇది పాడుచేస్తోందని లండన్‌కు నమూనాలు వెళ్లాయి. వాటిని చూసి డబ్ల్యు. డబ్ల్యు. సాండర్స్ ‘డిప్రెసారియా గాసిపియెల్లా’ అన్నారు. తర్వాత దీన్ని జెలీకియాలో, ప్లాటీడ్రాలో కూడా చేర్చి చూశారు. 1917లో ఆగస్ట్ బస్క్ ఏర్పరచిన ‘పెక్టినోఫోరా’ అనే కొత్త ప్రజాతి పేరే చివరికి నిలిచింది. ఆ ప్రజాతిలో దీని తోబుట్టువులు రెండే, రెండూ ఆస్ట్రేలియాలో ఉన్నాయి. అదే కాయను తొలిచే శనగపచ్చ పురుగు దీనికి చుట్టం కాదు. టమాటా ఆకుల్ని తొలిచే టూటా, బంగాళాదుంపను తొలిచే పురుగు దీని కుటుంబమైన జెలికిడేకు చెందినవి.

ఇది దేశాలు దాటింది రెక్కల బలంతో కాదు, గింజలో కూర్చుని. ఎదిగిన పురుగు రెండు గింజల్ని దారంతో అంటించి, మధ్యలో నెలల తరబడి నిద్రపోగలదు. అలా మన పత్తితో ఈజిప్టు చేరింది. అక్కడి విత్తనంతో 1911లో మెక్సికోకు, మెక్సికో నుంచి 1917లో టెక్సస్‌కు పాకింది. ఇలా గింజల్లో దాగిన పురుగుల్ని పట్టుకోవడానికి క్వారంటైన్ కేంద్రాలు విత్తనాలకు ఎక్స్‌రే తీస్తాయి. శంషాబాద్ పక్కనే రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం పరిశోధన విత్తనాలను పరీక్షించే పని చేస్తోంది. అది ఎంత విలువైన పనో ఈ పురుగు చరిత్రే చెబుతుంది.

2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు దీని పీడ విరగడైందనుకున్నాం. 2006లో రెండు జన్యువుల బీటీ వచ్చింది. దాన్నీ తట్టుకున్న పురుగు 2017 నాటికి తెలంగాణ చేలను కూడా దెబ్బతీసింది. అమెరికా మాత్రం బీటీ పత్తికి తోడు సంతానం కనలేని రెక్కల పురుగుల్ని వదిలి, లింగాకర్షకాలు వాడి, మోళ్లు దున్నించి, 2018లో దీన్ని నిర్మూలించినట్టు ప్రకటించింది.

అందుకే రైతులారా, డిసెంబరు దాటాక పత్తిని సాగదీయకండి. పురుగు పట్టి విచ్చుకోని గుడ్డి పూలు కనిపిస్తే ఏరి నాశనం చేయండి. ఏరడం అయిపోగానే కట్టె పీకేయండి, చేను గట్టున కుప్ప వేసి ఉంచకండి.