468 టిక్కులు

తెనాలిలో అమ్మమ్మ వాళ్ళింటి అటక దులుపుతుంటే ఒక పద్యనాటకం రికార్డు నా చేతుల్లోంచి జారి, సరిగ్గా మధ్యకి రెండు ముక్కలైంది. "పోనీలేరా, పాతదే కదా," అంది అమ్మమ్మ. నాకే మనసొప్పలేదు.

పగలడం షెల్లాక్ స్వభావం. వినైల్ రాకముందు లక్క, రాతిపొడి, మసి కలిపి, వేడిచేసి రికార్డులు అచ్చువేసేవాళ్ళు. మోదుగ, రేగు చెట్ల మీద పురుగులు పెట్టే ఆ లక్క ఎక్కువగా మన దేశానిదే. 1908లో గ్రామఫోన్ కంపెనీ కలకత్తాలో ఫ్యాక్టరీ తెరిచాక మన పాటలు ఇక్కడే అచ్చయ్యాయి. పగిలిన రికార్డులు పొడై కొత్తవాటిలో కలిసేవి. అంటే ఒకరి పాట కరిగి ఇంకొకరి పాట అయ్యేది.

నాది కరగకూడదనుకున్నాను. తడిగుడ్డతో తుడిచాను (స్పిరిట్ తగిలితే లక్క కరిగిపోతుంది). రెండు ముక్కల మీదా గాడి వరస కలిసేలా ఆనించి, బయటి అంచునా లేబుల్ దగ్గరా సూపర్‌గ్లూ చుక్కలు వేశాను. పాడింది! కాకపోతే ముల్లు చుట్టుకి రెండుసార్లు పగులు దాటాలి. నిమిషానికి 78 చుట్లు, మూడు నిమిషాల పాట: 468 టిక్కులు.

సాఫ్ట్‌వేర్‌తో వాటిని తీసేయడం తేలికే. అయితే అది ప్రతి టిక్కునీ కత్తిరించి, అటూఇటూ ఉన్న శబ్దాన్నిబట్టి ఊహించి పూడుస్తుంది. ఆ 468 చోట్లా పాడేది ఆ నటుడు కాదు, అల్గారిదమ్. అందుకే ఆర్కైవుల్లో ముందు ఏ సవరణా లేని కాపీని భద్రం చేస్తారు.

నేనూ రెండు ఫైళ్ళు దాచాను. అమ్మమ్మకి పంపింది శుభ్రం చేసినదే. దాని పేరు చివర మాత్రం "సవరించినది" అని రాశాను.